మంచం తిప్పినంక

కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో చరణ్. ఎల్లారెడ్డిలో ఇంటి ముందు అరుగు మీద అతని అక్క సాయిలత. మధ్యలో ఫోన్. పగలు పదకొండు దాటింది.

“...పగల్లేదు. పగిలితే పగిలిందనే చెప్త గదా. చాటతోని సహా బాపు మిషన్ కిందవడ్డది, అంతే.”

“పడ్డదా, పడేసిండా?”

“పడ్డది.”

“అక్కా.”

“పడేసిండు. ఎడమ చేతితోని గట్టిగ నూకిండు. అమ్మ తంబాకు గిన్నె మీద వడ్డది. ఇల్లంత తంబాకే.”

“ఎందుకు నూకిండు?”

“నాకేం తెలుసు చరణ్? కోపం. పక్షవాతం వచ్చినోళ్లకు కోపం ఎక్కువుంటదని డాక్టర్ ముందే చెప్పిండు. అమ్మ అయితే ఇగ చాలు, దాన్ని మూటగట్టి సజ్జ మీద పెట్టు, నేనే నోరు చూసి తెలుసుకుంట అంటుంది.”

“అమ్మకు ఇయ్యి ఫోన్.”

“బీడీలు ఇచ్చొస్తానికి కార్ఖానకు పోయింది. బాపు పండుకున్నడు. మిషన్ వట్టుకొని బయటికొచ్చిన. అందుకే మెల్లగ మాట్లాడుతున్న.”

“సరే, ఆన్ అయితుందా?”

“అయితుంది. మూడు బటన్లు మంచిగనే కనవడుతున్నయి. ఎడమకు పచ్చది, అవును. నడుమ నీలంది, నీళ్లు. కుడికి ఎర్రది, వద్దు. అన్నీ పలుకుతున్నయి.”

“మరింక నన్నేం చెయ్యమంటవ్?”

“ఒక్కసారే పలికేటట్టు చెయ్యొస్తదా? ఒక్క మాటకు ఏడెనిమిదిసార్లు ఒత్తుతడురా. వద్దు, వద్దు, వద్దు, వద్దు. అది నా గొంతే గదా, నా గొంతు నేనే ఇనలేకపోతున్న.”

“చెయ్యొస్తది. నీళ్ల దాంట్ల ఇంక నా గొంతే ఉందా? మళ్ల రికార్డు చేసి పంపుతనంటివి.”

“పంపిన దాంట్ల కుక్కర్ సీటీ వడ్డదని నువ్వే గదా నీది పెట్టినవ్.”

“టెస్టింగ్ కోసం పెట్టిన అక్కా, ఉంచుతానికి కాదు. బాపు గుర్తువట్టిండా?”

“పడితే మాత్రం చెప్పనీకె నోరేది? దవాఖానోళ్లు ఇచ్చిన్రని చెప్పిన. గట్లనే అనుకుంటున్నడు. నీ పేరు ఎత్తలే.”

“ఎత్తలేదా?”

“మిషన్ సంగతిల ఎత్తలే అంటున్న. ఆ, ఇంకోటి. నీళ్లు నీళ్లని పొద్దంత ఒత్తుతడు. గ్లాసిస్తే రెండు చుక్కలు గూడ తాగడు.”

“చెయ్యి ఆనుతుందేమో. నడిమిదాన్ని జెర చిన్నగ చేస్త. అక్కా...”

“చెప్పు.”

“అడిగినవా?”

“ఏంది?”

“నేను అడుగుమన్నది.”

“చరణ్, నాలుగింటి బస్సుకు పోవాల్నా వద్దా నేను? ఇంక బ్యాగు సర్దలే. సర్టిఫికెట్లు జిరాక్స్ చేపియ్యాలె. రేపు ఐదింటిలోపల ఆదిలాబాద్ ఆఫీసుల జాయిన్ కాకుంటే ఆ ఆర్డర్ చిత్తు కాగితమైతది. అమ్మకు ఈ మిషన్ తెల్వదు. నేను పోకముందే దీన్ని మంచిగ చెయ్యాలె, అది చెప్పు ముందు.”

“అడగలేదన్నట్టు.”

“ఏడికెల్లి చెయ్యాలె, చెప్పు.”

“మలిచే ఉందా, తెరిచి ఉందా?”

“మలిచే ఉంది. చాటల ఎట్ల ఉంటదో గట్లనే.”

“కింద వడ్డప్పుడు ఆ మలుపుకాడ ఏమన్న వదులైందా చూడు. అదే దాని పానం. ఇక్కడ మహిపాలన్న షాపుల ఏడాది వడున్న లాప్‌టాప్ అది. మూత పూర్తిగ వెనుకకు మలిస్తే పలక అయితది కాబట్టే బాపుకని తీస్కున్న. పాత విండోస్ ఉన్నప్పుడు ఆన్ అయ్యేసరికి చాయ్ తాగి రావొచ్చు. లినక్స్ ఎక్కించి, ఆన్ చెయ్యంగనే మూడు బటన్లే వచ్చేటట్టు చేసిన. మలిస్తే కీబోర్డ్ పనిచెయ్యది, చాటకు తాకి ఏవో ఒకటి ఒత్తుకపోతయని. పలక వంగినప్పుడల్లా తెర మీద బొమ్మ గిర్రున తిరిగేది, దాన్ని గూడ తిరగకుండ కట్టేసిన.”

“తిరగకుండనా? నేను తిప్పితే తిరిగింది గదా.”

“ఏంది?”

“బొమ్మ. మంచం తిప్పినప్పుడు.”

“మంచం ఎందుకు తిప్పిన్రు?”

“లక్ష్మీనర్సమ్మత్త వచ్చింది గదా పిట్లం నుంచి, బాపును చూడనీకె. చెప్పులు ఇప్పకముందే లొల్లి. ఇదేంది, మా తమ్మున్ని ఉత్తరం దిక్కు తలవెట్టి పండవెట్టిన్రు, గిట్ల పెడితే రోగం దిగుతదా, చదువుకున్న పిల్లవు నీకన్న తెల్వదా అని. అమ్మ మొఖం చిన్నగైంది. ఇగ ముగ్గురం కలిసి మంచం ఆ గోడకెల్లి ఈ గోడకు, తల తూర్పుకు.”

“తిప్పితే?”

“తిప్పితే కరెంటు బోర్డు అటువక్కకు వోయింది. చార్జర్ వైరు అందలే. అందుకే చాటల పలకను అటుది ఇటు తిప్పి పెట్టిన. బొమ్మ తలకిందులొచ్చింది. మౌస్ పెట్టి సెట్టింగ్‌లల్ల డిస్‌ప్లే కాడికి పోయిన, నూట ఎనభై అని ఉంది, అది ఒత్తిన. సీదా అయింది. నిన్ను సతాయించకుండ నేనే చేసుకున్న.”

“మౌస్‌తోని.”

“మరి కీబోర్డ్ మలిచి ఉండె గదా.”

“మౌస్‌తోనే చేసినవ్. వేలు పెట్టలేదు.”

“వేలు ఎందుకు పెడత? డాక్టర్ ఏమన్నడు, ఆయన చెయ్యి ఆయనే లేపాలె, ఆయన బటన్ ఆయనే ఒత్తాలె, మీరెవ్వరు నడుమ దూరకుండ్రి అన్నడు. నేనొక్కసారి గూడ ముట్టలే. ఏమైంది, ఎందుకు గట్ల అడుగుతున్నవ్?”

“ఇప్పుడు పెట్టు.”

“ఏడ?”

“పచ్చదాని మీద. అవును మీద.”

‘వద్దు.’

“మల్ల పెట్టు.”

‘వద్దు.’

“ఎర్రది.”

‘అవును.’

“నడిమిది.”

‘నీళ్లు.’

“చరణ్, ఇదేంది?”

“నువ్వు బొమ్మను తిప్పినవ్. టచ్ తిరగలే. లినక్స్‌ల ఆ రెండు ఒకటి కావు. చూపెట్టేది వేరు, వేలు వడ్డ జాగ చదివేది వేరు. బొమ్మకు తిరుగుమని నువ్వు చెప్పినవ్, రెండో దానికి ఎవ్వరం చెప్పలే. అది ఇంక పాత దిక్కే అనుకుంటుంది. ఎడమ ముడితే కుడి అంటది, కుడి ముడితే ఎడమ అంటది. నడిమిది ఎటు తిప్పినా నడుమనే ఉంటది, అందుకే అదొక్కటి సీదా పలికింది.”

“నీళ్లు సీదనే పలికింది. అందుకే... నీళ్లు మంచిగ పలుకుతుంటే మిగతయి తప్పు పలుకుతయని ఎవలనుకుంటరు?”

“ఆయన ఒత్తేది చూడలేదా ఎవ్వరు?”

“చాట ఆయన ఛాతి మీద ఉంటది, మొఖం దిక్కు. మాకు చాట వీపే కనవడ్తది. మేము ఇనుడే. తల ఊపుతుండె, అది గూడ చూసినం. కని తల ఊపుడు నమ్మకుండ్రి, అవునని ఊపవోతే కాదని ఊగుతది అని డాక్టరే చెప్పె. మిషన్ ఏం చెప్తే అదే ఆయన మాట అనుకున్నం.”

“ఎన్ని రోజులైంది మంచం తిప్పి?”

“పోయిన వారం సోమవారం. ఇయ్యాల బుధవారం.”

“పది రోజులు.”

“అందుకే ఏడెనిమిదిసార్లు ఒత్తిండు. నేనేమనుకున్న, అంత గట్టిగ వద్దంటున్నడు అనుకున్న. అవునని ఒత్తితే అది వద్దంటుంది, మల్ల ఒత్తితే మల్ల వద్దంటుంది. అందుకే నూకిండు. అయ్యో బాపూ.”

“ఏడ్వకు. ఏమేమడిగిన్రు, అవి చెప్పు. పాడైనయి ఏవో చూద్దాం.”

“ఏమేమని చెప్పాలె... పొద్దున ఉప్మా తింటవా అంటే అవును, అవును, అవును. పది రోజులు ఉప్మానే పెట్టింది అమ్మ. ఇంత ఇష్టమని ముప్పై ఏండ్లల్ల ఒక్కరోజు చెప్పలేదేంది అని మురిసింది గూడ.”

“బాపుకు ఉప్మానా. గల్ఫుల క్యాంపుల పన్నెండేండ్లు తిని ఇసిగిపోయి, ఇంట్ల రవ్వ డబ్బానే ఉండొద్దన్న మనిషి.”

“కటింగ్ షాపు బాలకృష్ణను పిలిపించినం, గడ్డం గీస్తనని వచ్చిండు. వద్దు. వాపస్ వోయిండు. గడ్డం గడ్డిలెక్క పెరిగింది. ఇగ అత్త. ఇంకో రెండ్రోజులు ఉండుమందమా బాపూ అని అడిగిన. అవును, అవును, అవును, అవును.”

“అయ్యో.”

“కండ్లల్ల నీళ్లు వెట్టుకుంది. చూసిన్రా, నోరు వోయినా నా తమ్మునికి నా మీద పానం వోలేదు అని. నాలుగు రోజులుంది.”

“బాపు పక్కనే.”

“మంచం పట్టె మీదనే కూసుంది.”

“నవ్వకు అక్కా. నువ్వు నవ్వితే నాకు నవ్వొస్తుంది.”

“నవ్వుత లేను.”

“... ఇంకేమడిగిన్రు?”

“ఇంకేం లేవు. గివ్వే. తినుడు, లేసుడు.”

“అక్కా.”

“ఏందిరా?”

“నన్ను అడిగినవ్ గదా నువ్వు. మాట మారుస్తున్నవంటే అడిగినట్టే. ఏమన్నడో చెప్పు.”

“... ఆదివారం అడిగిన. అమ్మ గూడ ఉంది. బాపూ, నేను నౌకరికి పోయినంక చరణ్ వచ్చి ఇంట్ల ఉంటనంటున్నడు, రమ్మనాల్నా అని అడిగిన.”

“అడిగితే?”

“వద్దు.”

“ఒక్కసారేనా?”

“ఏడుసార్లు. అమ్మ లెక్కవెట్టింది. అందుకే నీకు చెప్పలే. ఎట్ల చెప్పాలె? దవాఖానల నాలుగు రోజులు వార్డు బయటనే కూసున్నవ్, లోపలికి రానీకె భయపడుకుంట. కాలేజి ఇడిసిపెట్టిననాడు ఆయన అన్న ఒక్క మాట వట్టుకొని రెండేండ్లు గడప తొక్కలే. ఇప్పుడు నోరులేని మనిషి గూడ ఏడుసార్లు వద్దన్నడని నేనే చెప్పాల్నా నీకు?”

“ఏడుసార్లు.”

“అవి అవునులురా. ఏడు అవునులు. నేను వద్దులనుకున్న.”

“గిరాకీ వచ్చిండు, ఆగమన్న. ఏడుసార్లు రమ్మన్నడన్నట్టు.”

“రమ్మన్నడు.”

“ఇస్క్రూలు విప్పుడు నేర్వనీకెనా నిన్ను ఇంజనీరింగ్ల ఏసింది, నా గడప తొక్కకు అన్నడు అప్పుడు. మూడో సంవత్సరం దాకా పోయి వాపస్ వచ్చినోనికి ఏం మొఖముంటది అక్కా. సరే. సరే. అక్కా, మరి నీ నౌకరిది?”

“నాదేంది?”

“నీది గూడ అడిగినవ్ గదా. బాపే పొమ్మన్నడు, అందుకే పోతున్న అన్నవ్ మొన్న.”

“ఆ. పొమ్మన్నడు.”

“ఎప్పుడడిగినవ్?”

“... శుక్రవారం.”

“ఏ శుక్రవారం?”

“మొన్నటిదే.”

“మంచం తిప్పినంక. అక్కా, ఏమని అడిగినవ్? ఉన్నదున్నట్టు చెప్పు.”

“బాపూ, ఆదిలాబాద్‌ల నౌకరి వచ్చింది, నేను పోవాల్నా అని. అవునన్నడు. ఐదారుసార్లన్నడు. నేను ఆయన కాళ్లు మొక్కిన. కండ్లల్లకెల్లి నీళ్లు కారినయి ఆయనకు. సంతోషమనుకున్న.”

“అంటే పోవద్దన్నడు.”

“అవును. ఇప్పుడే తెలిసింది నాకు గూడ.”

“అక్కా, ఒక మాట చెప్త, ఇంటవా?”

“చెప్పు.”

“దాన్ని గట్లనే ఉండనియ్యి. ఏం ముట్టకు. నువ్వు బస్సెక్కు. రేపు ఐదు దాటినంక నేనొచ్చి సీదా చేస్త.”

“ఏం మాట్లాడుతున్నవ్?”

“పది రోజులు తలకిందులున్నది, ఇంకొక్క రోజు ఉంటే ఏమైతది? నీకు తెల్వనట్టు పో. అమ్మకు తెల్వదు, బాపుకు నోరులేదు. ఐదేండ్లు చదివినవ్ అక్కా ఈ నౌకరికి. అమ్మ బీడీల చాట పక్కన కూసొని చదివినవ్. మన ఇంట్ల డిగ్రీ అయినదానివి నువ్వొక్కదానివి, నేను కాకపోతిని. ఒక్క బటన్ కోసం ఇడిసిపెడ్తవా?”

“బటన్ కాదు, ఆయన మాట అది.”

“భయపడి అన్న మాట. నువ్వు పోతే ఎట్ల అని.”

“భయపడి అంటే మాట కాకుంట వోతదా? పది రోజులు ఆయన నోట్ల మనం మన మాట వెట్టినం. తెల్వక పెట్టినం. ఇప్పుడు తెలిసి పెట్టాల్నా? నువ్వే గదా రెండు నెలలు కూసొని ఇది చేసిచ్చినవ్, బాపు మాట బాపే చెప్పుకోవాలె అని. నేనిప్పుడు బస్సెక్కితే ఆ కండ్లల్ల నీళ్లు నాతోనే వస్తయి. జీతం అందుకున్న నెల నెల యాదికొస్తయి.”

“మరి వద్దంటే?”

“వద్దంటే చూద్దాం.”

“చూద్దామంటే? రేపే గదా ఆఖరు.”

“నాకు తెలుసు ఎన్నడు ఆఖరో. సీదా చెయ్యి, చరణ్. ఏం ఒత్తాలె?”

“... మూత తెరువు. లాప్‌టాప్ లెక్క.”

“తెరిచిన. అక్షరాలు తలకిందులున్నయి.”

“గట్లనే ఉంటయి, బొమ్మను తిప్పినవ్ గదా. తలకిందులుగనే చదువుకో. కంట్రోల్, ఆల్ట్, టీ మూడు ఒక్కసారి ఒత్తు. నల్లగ ఒకటి తెరుచుకుంటది.”

“తెరుచుకుంది.”

“టచ్‌ను గూడ తిప్పే లైను ఒకటి నీ వాట్సాప్‌కు పంపిన. మొదలు ఉన్నదంత చూసి కొట్టు. ఆఖర్ల తొమ్మిది అంకెలుంటయి. అవి తప్పుతయి, నేను చదువుత.”

“ఆగు. ఆగు... అయింది. చదువు.”

“మైనస్ ఒకటి. సున్న. ఒకటి.”

“ఊ.”

“సున్న. మైనస్ ఒకటి. ఒకటి.”

“ఊ.”

“సున్న. సున్న. ఒకటి. ఎంటర్.”

“ఏదో ఎర్రర్ అంటుంది.”

“మైనస్‌కు, ఒకటికి నడుమ ఖాళీ ఇచ్చినట్టున్నవ్. రెండు అంటుకొని ఉండాలె.”

“ఉంది. తలకిందుల అక్షరాలల్ల కనవడలే.”

“దాన్ని తీసెయ్యి. మెల్లగ కొట్టు. మహిపాలన్న గూడ ఇక్కడ పని ఆపి నా దిక్కే చూస్తున్నడు.”

“... కొట్టిన. ఏం అనలే. ఊకుంది.”

“ఊకుంటే అయినట్టే. ఇగ మలువు. పచ్చది ముట్టు.”

‘అవును.’

“ఎర్రది.”

‘వద్దు.’

“అయింది అక్కా.”

“ఆగు, లోపల మసులుతున్నడు. లేచినట్టుంది. నేను లోపలికి పోతున్న. నువ్వు ఫోన్ పెట్టకు. స్పీకర్ల ఏస్త. నువ్వు మాట్లాడకు మాత్రం.”

“మాట్లాడ.”

ఆమె ఇంట్లోకి వెళ్లి మిషన్‌ను తండ్రి ముందు చాటలో ఆనించింది. ఫోన్‌ను మంచం పట్టె మీద పెట్టింది.

“బాపూ, లేచినవా? ఇటు చూడు. తప్పు నాది బాపూ. నువ్వు ఒత్తింది ఒకటి, ఇది పలికింది ఒకటి. పది రోజులు గిట్లనే అయింది. నేనే తిప్పిన దీన్ని, నాకు తెల్వలే. ఇప్పుడు సీదా అయింది. కావాల్నంటే చూడు. ఉప్మా తింటవా?”

‘వద్దు.’ ‘వద్దు.’

“చూసినవా, మంచిగ పలికింది గదా. నవ్వకు బాపూ, మూతి వంకరవోతది. బాలకృష్ణను పిలువాల్నా, గడ్డానికి?”

‘అవును.’

“సరే. ఇగ ఒకటి అడుగుత. కోపం రావొద్దు. నేను ఆదిలాబాద్ పోవాల్నా, నౌకరికి?”

‘వద్దు.’

‘వద్దు.’

“ఇన్న బాపూ. ఇన్న. ఏడ్వకు. నేనేం అంటలేను.”

“అక్కా, ఇంకోటి అడుగు.”

“మాట్లాడకుమన్న గదా చరణ్.”

‘నీళ్లు.’

“ఇగో, గ్లాసు ఇక్కడనే ఉంది బాపూ, తాగు. వద్దా? ఆగు మరి.”

“అక్కా, నేను వస్తున్న అని చెప్పు. ఇయ్యాలనే. రెండున్నర బస్సుకు. వచ్చి ఉంట అని చెప్పు, ఊకె చూసిపోనీకె కాదు. ఇస్క్రూలు విప్పుడు ఎల్లారెడ్డిల కూసొని గూడ చేసుకోవచ్చు, మహిపాలన్న పని అక్కడికే పంపుతనంటున్నడు. నేను దిగే బస్సే మలుపుకొని కామారెడ్డికి వస్తది. నేను దిగంగనే అదే బస్సు నువ్వెక్కు.”

‘నీళ్లు.’ ‘నీళ్లు.’

“బాపూ, ఇన్నవా వాని మాట? వాడు వస్తనంటున్నడు. రమ్మనాల్నా?”

‘అవును.’

“ఒక్కసారే ఒత్తిండు చరణ్. ఇప్పుడు ఏడుసార్లు ఒత్తే పని లేదు గదా. బాపూ, వాడు వచ్చి నీ దగ్గరుంటే, అప్పుడు నేను పోవాల్నా? నీకు ఎట్లుంటే గట్ల చెప్పు. నీది వద్దంటే నాది గూడ వద్దే. ఆలోచించుకో. తొందర లేదు.”

“ఏమంటుండు అక్కా?”

“చెయ్యి లేపిండు. లేపి పట్టుకున్నడు. ఇంక ఒత్తలే.”

‘అవును.’

“ఇన్నవా?”

“ఇన్న.”

“నా గొంతే. నా గొంతుతోనే నన్ను పొమ్మన్నడు.”

“బ్యాగు సర్దు అక్కా. జిరాక్స్ బస్టాండు కాడ చేపిచ్చుకో. నేను నాలుగింటి వరకు దిగుత.”

‘నీళ్లు.’

“బాపుకు దూపైతున్నట్టుంది, ముందు నీళ్లియ్యి. నేను ఫోన్ పెడుత.”

‘నీళ్లు.’ ‘నీళ్లు.’

“పెట్టకు. ఏదన్న మాట్లాడు, ఏదైనా సరే. గ్లాసు మూతికాడ పెడితే తల పక్కకు తిప్పి ఫోన్ దిక్కు చూస్తున్నడు. పొద్దంత ఒత్తింది నీళ్లకు కాదురా చరణ్, ఆ ఒక్క బటన్లనే నీ గొంతుంది.”